ముడి ఆగితే సరిపోదు

"నాన్నా, మూడు డిగ్రీలు తేడా వచ్చింది. కొంచెం దిద్దేయనా? ఎవరూ చూడరు కదా!"

ఒక శుక్రవారం సాయంత్రం, మ్యూనిక్‌లో మా వంటింటి బల్ల దగ్గర మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. తను గిమ్నాజియంలో ఎనిమిదో తరగతి. ఆ రోజు ఫిజిక్స్ ల్యాబ్‌లో బలాలను కూడే ప్రయోగం చేసి వచ్చింది. సోమవారానికల్లా రిపోర్టు రాసి ఇవ్వాలి.

ప్రయోగం మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. డిగ్రీలు గీసిన గుండ్రటి బల్ల, మధ్యలో ఒక రింగు, రింగుకు మూడు దారాలు. దారాలు బల్ల అంచున ఉన్న కప్పీల మీదుగా కిందికి దిగుతాయి, వాటి చివర బరువులు వేలాడుతుంటాయి. రింగు సరిగ్గా నడిమధ్యన నిలిచిందంటే మూడు బలాలూ సమతాస్థితిలో ఉన్నట్టు.

ఒక దారం 3 న్యూటన్లతో, ఇంకోటి దానికి లంబంగా 4 న్యూటన్లతో లాగుతున్నాయి. మూడూ నాలుగూ ఏడే కదా అనుకుంటాం. రెండూ ఒకే వైపు లాగితే ఏడే, ఎదురెదురుగా లాగితే ఒకటే. లంబంగా లాగితే మాత్రం ఫలితం 5. బలానికి పరిమాణంతో పాటు దిశ కూడా ఉండటం వల్ల వచ్చిన చిక్కు ఇది! కాబట్టి మూడో దారం 5 న్యూటన్లతో, మొదటి దారానికి దాదాపు 127 డిగ్రీల కోణంలో లాగాలి. మా అమ్మాయికి 130 వచ్చింది.

"తప్పమ్మా, దిద్దకూడదు" అని వెంటనే అనాల్సింది. నోరు పెగల్లేదు. ఎందుకంటే ఆ పని నేనూ చేశాను.

పాతికేళ్ళ పైమాటే. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఇదే ప్రయోగం. మాకు బల్ల బదులు నిలబెట్టిన చెక్క బోర్డు, దానికి రెండు కప్పీలు, మధ్యలో దారాల ముడి. ముడి వెనక తెల్లకాగితం పెట్టి, దారాల జాడ గుర్తించి, సమాంతర చతుర్భుజం గీసి కర్ణం కొలవాలి. అదంతా ఎవరు చేస్తారని సీనియర్ రికార్డు చూసి అంకెలు ఎక్కించేశాను. సూత్రానికీ కొలతకూ వెంట్రుకవాసి తేడా లేదు!

మా లెక్చరర్ రికార్డు చూసి నవ్వారు. "ఏం బాబూ, నీ కప్పీలకు ఘర్షణ లేదా?" అన్నారు. తిట్టలేదు. బోర్డు దగ్గరికి తీసుకెళ్ళి ముడిని వేలితో కాస్త పక్కకు జరిపి వదిలారు. అది పాత చోటికి రాలేదు, కొంచెం అవతలే ఆగిపోయింది. ఇంకోవైపు జరిపితే ఇంకోచోట ఆగింది. "ముడి ఆగింది కదా అని నమ్మేయకు. కప్పీ ఘర్షణ దాన్ని తప్పుచోట కూడా ఆపగలదు. నాలుగు వైపుల నుంచీ కదిపి చూడు. ఎక్కడెక్కడ ఆగుతుందో గుర్తించి, వాటి మధ్యన చూసుకో" అన్నారు. ఆ రోజు నాకు అర్థమైంది మార్కులు తగ్గుతాయన్నది మాత్రమే.

ఆ కథంతా మా అమ్మాయికి చెప్పాను. కూతురి ముందు తండ్రి కాపీ కొట్టానని ఒప్పుకోవడం అంత సులువేం కాదు సుమండీ! తను కాసేపు నవ్వి, "మరి మూడు డిగ్రీలకు ఏమవుతుంది నాన్నా?" అంది. ఆ ప్రశ్నకు జవాబుగా ఆదివారం తనని ఒలింపియాపార్క్‌కు తీసుకెళ్ళాను.

1972 ఒలింపిక్స్ కోసం కట్టిన ఆ గుడారాల్లాంటి కప్పును మీలో చాలామంది చూసే ఉంటారు. గ్యుంటర్ బేనిష్ బృందంతో కలిసి దానికి రూపమిచ్చినవారిలో ఫ్రై ఒట్టో ఒకరు. ఆయన 2015 మార్చిలో కన్నుమూశారు, ఆ మర్నాడే ఆయనకు ప్రిట్జ్‌కర్ బహుమతి ప్రకటించారు. సుమారు 75,000 చదరపు మీటర్ల ఆ కప్పు నిజానికి ఉక్కు తాళ్ళ వల. తాళ్ళ మధ్య దూరం 75 సెంటీమీటర్లు. రెండు తాళ్ళు కలిసే ప్రతి ముడీ మా అమ్మాయి ల్యాబ్‌లోని రింగే!

మన పెరట్లో దండెం ఎంత బిగించి కట్టినా తడిదుప్పటి వేస్తే నడుం వంచుతుంది. దుప్పటి 5 కిలోలు, తాడు రెండువైపులా 5 డిగ్రీలే వంగిందనుకోండి. ఒక్కో వైపు తాడులో బిగువు దాదాపు 29 కిలోల బరువుకు సమానం! పూర్తిగా అడ్డంగా నిలబెట్టాలంటే ఎంత బలమూ చాలదు. అందుకే ఇక్కడ వంపును దాచలేదు, దాన్నే వాడుకున్నారు. ఒక వరస తాళ్ళు పైకి లాగితే, అడ్డవరస కిందికి లాగుతుంది.

మొదట 1:125 నిష్పత్తిలో సన్నని తీగలతో నమూనాలు కట్టి కొలిచారు. నమూనాలో ఒక్క మిల్లీమీటరు పొరపాటు అసలు కప్పులో 12.5 సెంటీమీటర్లు అవుతుంది. తాళ్ళేమో ముందే పొడవు కొలిచి తయారుచేయాలి. అందుకని స్టుట్‌గార్ట్‌లో జాన్ ఆర్గిరిస్, క్లౌస్ లింక్‌విట్జ్ బృందాలు కంప్యూటర్లను ఆశ్రయించాయి. లింక్‌విట్జ్, హన్స్-యోర్గ్ షెక్ 1971లో ప్రచురించిన పద్ధతి ఐటీవాణ్ణైన నాకు మహా ఇష్టం. తాడులోని బలాన్ని దాని పొడవుతో భాగించి, ఆ నిష్పత్తిని ముందే ఎంచుకుంటే చాలు. ప్రతి ముడి దగ్గరా బలాల మొత్తం సున్నా అన్న షరతు సరళ సమీకరణాలుగా మారిపోతుంది. వాటిని సాధిస్తే ముడులన్నీ ఎక్కడుండాలో తెలుస్తుంది.

మా అమ్మాయి తలెత్తి చాలాసేపు చూసింది. "ఇక్కడ ఎవరో ఒకరు నాలాగా దిద్దేసి ఉంటే..." అని ఆపేసింది.

సోమవారం రిపోర్టులో 130 అనే రాసింది. కింద ఒక వాక్యం చేర్చింది: "రింగును కదిపి చూడలేదు, కప్పీ ఘర్షణ వల్ల తేడా వచ్చి ఉండవచ్చు." ఆ వాక్యం చూసి టీచరు మళ్ళీ ప్రయోగం చేసే అవకాశమిచ్చారట. ఈసారి నాలుగు వైపుల నుంచీ కదిపి, ఆగిన చోట్ల మధ్యన చూస్తే 128 వచ్చింది.

"ఇంకా ఒకటి తేడా ఉంది నాన్నా" అంది ఇంటికొచ్చి.

"ఉండనీ అమ్మా" అన్నాను. "అది నీది."