ఆ కోపం వెనక మోకాలి నొప్పి ఉందేమో చూడండి!

పోటు, సలుపు, తీపు, మంట, పీకుడు, పట్టేయడం.. నొప్పికి తెలుగులో ఎన్ని మాటలో! మోకాలు సలుపుతోందా, నడుం పట్టేసిందా అన్నది మనం ఒక్క ముక్కలో చెప్పేస్తాం. డిమెన్షియా వచ్చినవారికి ఈ మాటలు ఒక్కొక్కటిగా అందకుండా పోతాయి. నొప్పి మాత్రం ఎక్కడికీ పోదు. మాటల్లో బయటికి రాలేక కోపంగా, కేకగా, మొండితనంగా బయటపడుతుంది.

ఉరవకొండలో ఒక ఇల్లు ఊహించుకుందాం. ఆయనకు 76, ఆమెకు 72. పిల్లల్లో ఒకరు బెంగళూరులో, ఇంకొకరు హైదరాబాద్‌లో. ఆమెకు నాలుగేళ్లుగా మతిమరుపు జబ్బు. రెండు మోకాళ్లూ అంతకుముందే అరిగిపోయాయి. పొద్దున్నే స్నానానికి లేపబోతే అరుస్తుంది, చెయ్యి విదిలిస్తుంది, ఒక్కోసారి గిచ్చుతుంది. కట్టుకున్న భర్తనే ‘నాయనా’ అంటుంది. ‘పెద్దామెకు చాదస్తం ముదిరింది’ అంటారు ఇరుగుపొరుగు. రాత్రిళ్లు నిద్రలేదని దగ్గర్లో అడిగితే ఓ మత్తుమాత్ర ఇస్తారు. దాంతో పగలంతా మగత, నడకలో తడబాటు. చివరికి ఒకరోజు బచ్చలి దగ్గర పడిపోతుంది. ఇది ఏ ఒక్కరి కథా కాదు. కానీ ఇలాంటి ఇంట్లోంచి వచ్చినవారెవరైనా ‘మా ఇల్లే’ అనుకుంటారు.

మనదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని, అంటే దాదాపు 88 లక్షల మంది అని 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మగవారిలో కన్నా ఆడవారిలో, పట్టణాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువని కూడా తేల్చింది. మోకాళ్ల అరుగుదలా ఆడవారిలోనే ఎక్కువ. కాబట్టి ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలవడం వింత కాదు. పిల్లలు ఊళ్లో లేని ఇంట్లో ఆమెను చూసుకోవాల్సింది భర్తే. జీవితంలో ఒక్కసారీ ఎవరికీ జడ వేయని మనిషి ఇప్పుడు భార్యకు స్నానం చేయించాలి.

మెట్ట సీమ ఎముకలు

అనంతపురం జిల్లాలో నొప్పి గురించి మాట్లాడితే నీళ్ల గురించీ మాట్లాడాల్సిందే. వానలు తక్కువైన ఈ సీమలో దశాబ్దాల తరబడి లోతు బోర్ల నీళ్లే తాగారు. చాలాచోట్ల ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. 1995-96లో సత్యసాయి తాగునీటి పథకం జిల్లాలోని 700కు పైగా గ్రామాలకు నీళ్లిచ్చింది. కానీ ఇప్పుడు డెబ్భైల్లో ఉన్నవారు అప్పటికే సగం జీవితం బోరు నీళ్లతో గడిపేశారు. ఏళ్ల తరబడి ఒంట్లోకి చేరిన ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్లను పట్టి ఉంచే పట్టీలు కూడా గట్టిపడిపోతాయి. మెడ తిరగదు, వెన్ను వంగదు. ముదిరితే వెన్నుపాము మీద ఒత్తిడి పడి కాళ్లలో బలమే తగ్గిపోవచ్చు.

దీనికి తోడు పని. ఉరవకొండ నేత ఊరు కూడా. గుంటమగ్గం మీద ముప్ఫై, నలభై ఏళ్లు కూర్చున్నవారి నడుం, మోకాళ్ల సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు. వేరుశనగ చేలల్లో వంగి పనిచేసినవారి సంగతీ అంతే.

అందుకే ‘వాతం’, ‘వయసు’ అని సరిపెట్టేయొద్దు. డిమెన్షియా అని తెలిసిన తర్వాతైనా ఒకసారి కీళ్లకు, వెన్నుకు ఎక్స్‌రే తీయించాలి. నడక, మతి రెండూ ఒకేసారి, త్వరత్వరగా దెబ్బతింటుంటే మరీ ముఖ్యం. విటమిన్ బి12 లోపం, థైరాయిడ్, పార్కిన్సన్స్, మెదడులో నీరు చేరడం వంటివి ఇలాగే కనిపిస్తాయి. వీటిలో కొన్నింటికి మంచి చికిత్స ఉంది.

నొప్పిని కళ్లతో చూడాలి

‘నొప్పి ఉందా?’ అని అడిగితే ఆమె ‘లేదు’ అనొచ్చు. కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు అడిగితే ఆ క్షణానికి నిజంగానే లేకపోవచ్చు. ‘నిన్న రాత్రి ఎలా ఉంది?’ అన్న ప్రశ్నకైతే అర్థమే లేదు, నిన్న రాత్రి ఆమెకు గుర్తుండదు. లేచేటప్పుడు, నడిచేటప్పుడు అడగాలి. మోకాలి మీద చెయ్యి వేసి ‘ఇక్కడా?’ అని అడగాలి. జబ్బు మధ్య దశలో ఉన్నవారు కూడా చాలామంది దీనికి తల ఊపి బదులిస్తారు.

అదీ చెప్పలేని దశ వస్తే చూసి తెలుసుకోవడమే. దీనికోసం 2003లో అమెరికాలో ‘పెయినాడ్’ అనే కొలమానం తయారు చేశారు. నర్సులు వాడేదే అయినా ఇంట్లోవారూ నేర్చుకోవచ్చు. ఐదు సంగతులు గమనించాలి: ఊపిరి ఎలా ఉంది, మూలుగు లేదా కేక ఉందా, ముఖం ముడుచుకుంటోందా, ఒళ్లు బిగుసుకుంటోందా లేదా పిడికిలి పడుతోందా, ఓదారిస్తే ఊరడిల్లుతోందా. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు వరకు మార్కులు, మొత్తం పదికి. ఒక ఐదు నిమిషాలు ఊరికే ఉన్నప్పుడు చూడండి, మరోసారి లేపి నడిపిస్తున్నప్పుడు చూడండి. రెండింటికీ తేడా ఎక్కువగా ఉంటే నొప్పిని అనుమానించాల్సిందే. ఈ మార్కులు జబ్బు తీవ్రతను కచ్చితంగా చెప్పేవి కావు. నిన్నటికీ ఇవాళ్టికీ, మందుకు ముందూ తర్వాతా పోల్చుకోవడానికి పనికొస్తాయి.

డాక్టర్లు కూడా ఇక్కడ పొరపడుతుంటారు. తుంటి ఎముక విరిగి న్యూయార్క్ ఆసుపత్రిలో చేరినవారి మీద 2000లో ఒక అధ్యయనం వచ్చింది. అదే ఎముక, అదే విరుగుడు. అయినా ముదిరిన డిమెన్షియా ఉన్నవారికి అందిన మార్ఫిన్, మతి బాగున్నవారికి ఇచ్చిన దానిలో మూడో వంతే! అడిగినవారికి ఇచ్చారు, అడగలేనివారికి అందలేదు.

దీనికి రెండో వైపు నార్వేలో కనిపించింది. అక్కడి 18 వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో 352 మంది మీద చేసిన పరిశోధన 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. అందరూ డిమెన్షియాతో పాటు చీటికిమాటికి ఆందోళన, కోపం ఉన్నవారే. వారిలో దాదాపు సగం మందికి ఒక పద్ధతి ప్రకారం నొప్పికి మందులిచ్చారు. చాలామందికి ఇచ్చింది పారాసిటమాల్, మనం జ్వరానికి వేసుకునేదే. 8 వారాల్లో ఆందోళన 17 శాతం తగ్గింది. మందులు ఆపాక మళ్లీ పెరిగింది. కోపానికి మత్తుమాత్ర అడిగే ముందు నొప్పి సంగతి తేల్చుకోవాలని చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదనుకుంటాను.

మాత్రల దగ్గర జాగ్రత్త

నొప్పి మాత్ర ‘అడిగినప్పుడు’ ఇవ్వాలంటే ఆమె ఎప్పటికీ అడగదు. అందుకే డాక్టరు చెప్పిన మోతాదులో, వేళకు ఇవ్వడమే మేలు. పారాసిటమాల్‌నే ముందు వాడి చూస్తారు. బరువు తక్కువగా ఉన్నా, కాలేయం జబ్బున్నా మోతాదు తగ్గుతుంది, కాబట్టి సొంతంగా పెంచొద్దు. జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుందని మరవొద్దు.

మన ఊళ్లలో మోకాలి నొప్పి అనగానే ఇచ్చే డైక్లోఫెనాక్ మాత్రలు, ఇంజెక్షన్లు వృద్ధుల కిడ్నీలకు, కడుపుకు ప్రమాదం. బీపీ మందులు వాడేవారికి, అనంతపురం ఎండల్లో నీళ్లు సరిగా తాగనివారికి ఇంకా ప్రమాదం. ట్రమడాల్, అమిట్రిప్టిలిన్ వంటివి మతిని మరింత గందరగోళపరుస్తాయి. ఇక కోపాన్ని అణచడానికి ఇచ్చే మానసిక వ్యాధుల మందుల సంగతి. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో ఇవి మరణం ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లోనే హెచ్చరించింది. ఒక్కోసారి తప్పనిసరి కావచ్చు. అప్పుడైనా తక్కువ మోతాదులో, కొన్నాళ్లకే.

ఒక్కసారిగా, ఒకట్రెండు రోజుల్లోనే గందరగోళం పెరిగితే అది డిమెన్షియా ముదరడం కాదు. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో నీరు తగ్గడం, పడినప్పుడు తెలియకుండా విరిగిన ఎముక.. ఇలాంటిదేదో కారణం కావచ్చు. అదే రోజు డాక్టరుకు చూపించాలి.

స్నానం అనే యుద్ధం

ఎక్కువ ఇళ్లలో గొడవ స్నానం దగ్గరే. ఆమె వైపు నుంచి చూడండి. రాత్రంతా కదలకుండా ఉన్న కీళ్లు పొద్దున్న కొయ్యబారి ఉంటాయి. అప్పుడే ఎవరో చెయ్యి పట్టి లాగారు. బండల మీద చల్లగా ఉంది. భర్తని గుర్తుపట్టని పూట అయితే, ఎవరో మగమనిషి చీర విప్పుతున్నాడు! ఆమె గిచ్చడంలో వింతేముంది?

స్నానాన్ని పొద్దున్నే పెట్టుకోవాలని ఎక్కడా లేదు. పది, పదకొండు గంటలకు ఒళ్లు వదులయ్యాక చేయించండి. నొప్పి మాత్ర ఉంటే ముప్పావుగంట ముందు వేయండి. చేతులున్న, కాళ్లకు రబ్బరు తొడుగులున్న గట్టి కుర్చీలో కూర్చోబెట్టండి, ఊగే ప్లాస్టిక్ స్టూలు వద్దు. నీళ్లు నెత్తిన గుమ్మరిస్తే బెదిరిపోతారు. పాదాల మీద మొదలుపెట్టి, వేడి సరిపోయిందా అని అడుగుతూ పైకి రావాలి. భుజాల మీద తువ్వాలు కప్పి ఉంచి, దాని కిందనుంచే తుడవొచ్చు. తలంటు వారానికోసారి చాలు. మరీ మొండికేసిన రోజు తడిగుడ్డతో ఒళ్లు తుడిచి ఊరుకోండి, కొంపేమీ మునగదు. చీర బదులు ముందువైపు గుండీలున్న నైటీ అయితే చేతులు పైకెత్తాల్సిన పని తప్పుతుంది. మెడ, భుజాలు పట్టేసినవారికి ఇది పెద్ద ఊరట. ఈ పని వరకు ఒక ఆడమనిషిని పెట్టుకోగలిగితే ఇద్దరికీ మంచిది.

లేపడం ఎలా?

చంకల కింద చేతులు పెట్టి ఎత్తడం అందరూ చేసే పనే. ఆమె భుజం దెబ్బతింటుంది, ఎత్తేవారి నడుం పోతుంది. దానికి బదులు ముందు కుర్చీ అంచుకు జరపండి. పాదాలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి, నేలకు ఆనాలి. ‘ముక్కు ముందుకు’ అన్నట్టు ముందుకు వంగితే పిరుదులు వాటంతటవే తేలుతాయి. మీరు ఎదురుగా, కాస్త పక్కగా నిలబడి అరచేతికి అరచేయి ఆనించండి. ఒకసారికి ఒకటే మాట చెప్పాలి. ‘లేచి, తిరిగి, కుర్చీ పట్టుకుని కూర్చో’ అంటే ఆమెకు ఏదీ అందదు. ‘లే’ అని చెప్పి, మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగండి. చాలాసార్లు మనం ఆగకపోవడం వల్లే రెండోసారి, మూడోసారి గట్టిగా చెప్పాల్సి వస్తుంది, అది ఆమెకు తిట్టులా వినపడుతుంది.

కూర్చునే ఎత్తు చాలా తేడా తెస్తుంది. నులక మంచం కుంగిపోతుంది, దాన్నుంచి లేవడం నరకం. మంచం కోళ్ల కింద చెక్క దిమ్మెలు పెట్టి, కూర్చుంటే మోకాళ్లు తుంటి కన్నా కాస్త కిందికి ఉండేలా చూడండి. నేలమీద కూర్చునే మరుగుదొడ్డి ఉంటే దానిమీద పెట్టే కమోడ్ కుర్చీ కొనండి. నున్నటి తడి బండల మీద జారని పట్టా, గడపల మీద రంగు గుర్తు, రాత్రి మంచం నుంచి బచ్చలిదాకా చిన్న లైటు ఉండాలి. నొప్పి ఉందని పడుకోబెట్టేస్తే కీళ్లు ఇంకా బిగుస్తాయి. పూటకు నాలుగు అడుగులైనా నడిపించాల్సిందే.

మోకీలు మార్పిడి చేయించొచ్చా అని చాలామంది అడుగుతారు. మతిమరుపు తొలి దశలో, వ్యాయామం చేయించేవారు ఇంట్లో ఉంటే ఆలోచించొచ్చు. ముదిరాక ఆపరేషన్ తర్వాతి గందరగోళం, చెప్పినట్టు వ్యాయామం చేయలేకపోవడం వల్ల లాభం తక్కువ.

ఇద్దరు రోగులు కాకుండా

ఇంత చేస్తున్న ఆ 76 ఏళ్ల మనిషికీ బీపీ ఉంటుంది, ఆయన మోకాళ్లూ నొస్తాయి. ఆమె కిందపడితే ఒక్కడే లేపబోయి ఆయనా పడితే ఇక చూసేవారు ఉండరు. ముందు దెబ్బ తగిలిందేమో చూసి, దిండు పెట్టి, పక్కింటివారిని పిలిచాకే లేపాలి. తుంటి దగ్గర నొప్పి ఉన్నా, ఒక కాలు పొట్టిగా, బయటికి తిరిగినట్టు కనిపించినా కదపకుండా 108కి ఫోన్ చేయాలి. భర్తను చూసుకునే భార్యలకైతే బరువు మరీ ఎక్కువ, పైగా ఎవరూ దాన్ని పనిగా లెక్కపెట్టరు. పిల్లలు డబ్బు పంపడంతో పాటు నెలకోసారి రెండు రోజులు వచ్చి ఉంటే, ఆ రెండు రోజులూ చూసుకునేవారు నిద్రపోవచ్చు.

వృద్ధుల సమస్యలకు ఎల్డర్ లైన్ 14567, చూసుకునేవారి దిగులు, నిద్రలేమికి టెలిమానస్ 14416. రెండూ ఉచితమే, తెలుగులో మాట్లాడొచ్చు. ఆదాయపన్నులో 80డీడీబీగా అందరికీ తెలిసిన మినహాయింపు డిమెన్షియాకూ వర్తిస్తుంది. పాత పన్ను విధానంలో ఉన్నవారు నిపుణుడి ధ్రువపత్రం తీసుకుని వాడుకోవచ్చు.

ఉరవకొండ నుంచి అనంతపురం వెళ్లినా బళ్లారి వెళ్లినా ఇంచుమించు 50 కిలోమీటర్లు. మోకాళ్లు ముడుచుకుని అంతదూరం కూర్చున్నాక డాక్టరు గదిలో ఆమె చూపించేది ప్రయాణపు బడలికే. కాబట్టి ముందే ఇంట్లో ఫోన్‌తో రెండు చిన్న వీడియోలు తీసుకోండి. ఒకటి ఊరికే కూర్చున్నప్పుడు, ఇంకొకటి కుర్చీలోంచి లేచేటప్పుడు. వారం రోజుల పెయినాడ్ మార్కులు, ఏ పూట కోపం వస్తోంది, ఏ మాత్రలు ఎప్పుడు వేశారు అన్నవి ఒక కాగితం మీద రాసి, మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. ఈ-సంజీవనిలో వీడియో ద్వారా మాట్లాడినా ఆ కాగితం దగ్గర పెట్టుకోండి. నిద్రమాత్ర రాయబోతుంటే ‘నొప్పి వల్ల కాదు కదా డాక్టర్?’ అని ఒకమాట అడగండి.