నన్నూ ఆడించుకుంటారా? – చందానగర్ పసిపిల్లల బడిలో ఆట, జట్టు, చదువు

హైదరాబాద్‌లో మియాపూర్ దాటి ముంబై రహదారి మీద లింగంపల్లి వైపు వెళ్తుంటే వచ్చే చందానగర్ విదేశంలోని మన తెలుగు సంఘం సభ్యుల్లో చాలామందికి తెలిసిన చోటే. కొందరికి అక్కడ అమ్మానాన్నలున్నారు, కొందరికి అక్కాచెల్లెళ్ళ కాపురాలున్నాయి. 1960లలో పక్కనే రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ కర్మాగారం వచ్చాక ఈ వైపు ఉద్యోగుల కాలనీలు పెరిగాయి. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలయ్యాక ఐటీ కుటుంబాలు వచ్చాయి. 2007లో చందానగర్ ఉన్న శేరిలింగంపల్లి పురపాలక సంఘం గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసింది. 2017 నవంబరులో మియాపూర్‌కు మెట్రో వచ్చింది. ఇవాళ అక్కడి అపార్ట్‌మెంట్లలో శ్రీకాకుళం, గుంటూరు, వరంగల్, కర్నూలు వాళ్ళ పక్కనే ఒడియా, బెంగాలీ, మరాఠీ కుటుంబాలుంటాయి. ఆ భవనాలు కట్టే కూలీల పిల్లలూ అక్కడే పెరుగుతున్నారు.

ఇంతమంది ఉన్నా, చిన్నపిల్లలకు తోటిపిల్లలు దొరకడం కష్టమైంది. వీధిలో బండ్ల రద్దీ. ఇంట్లో తలుపు వేసి ఉంటుంది, చేతిలో ఫోన్ ఉంటుంది. మన చిన్నప్పుడు అరుగులూ వాకిళ్ళూ చేసిన పని ఇప్పుడు నర్సరీ గదో, అంగన్‌వాడీ కేంద్రమో చేయాలి. మూడేళ్ళ బిడ్డ తనవాళ్ళు కానివాళ్ళతో కలిసి బతకడం మొదట నేర్చుకునేది అక్కడే. ఆ గదిలో ఆట ఉంటేనే జట్టు కుదురుతుంది, జట్టు కుదిరితేనే చదువు ఒంటబడుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో పసిపిల్లల కోసం ఆటల బడి పెట్టాడు. గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం ప్రారంభించారు. ఆయన పుస్తకం ‘పగటి కల’ పేరుతో తెలుగులోనూ వచ్చింది. మరియా మాంటిస్సోరి 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ 1955లో మాంటిస్సోరి బడి ప్రారంభించారు. 2017లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆటపాటలతోనే తెలుగు పిల్లలను ఒకచోట చేర్చారు.

పిల్లలు ఒక్కరోజులో జట్టుకట్టరు. అమెరికాలో మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు నర్సరీ పిల్లల ఆటలను గమనించి 1932లో ఒక క్రమాన్ని వివరించారు. బిడ్డ మొదట ఒంటరిగా ఆడుతుంది. తర్వాత ఇతరుల ఆట చూస్తూ నిలబడుతుంది. ఆ పైన పక్కపక్కనే కూర్చున్నా ఎవరి ఆట వాళ్ళదే. మెల్లగా బొమ్మలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలవుతుంది. చివరికి అందరూ ఒకే ఆటలో తలా ఒక పని పంచుకుంటారు. ఈ క్రమం తెలిసిన టీచరు మూలన నిలబడి చూస్తున్న బిడ్డను చెయ్యిపట్టి లాగదు. చూడటం కూడా ఆటలోకి వచ్చే దారేనని ఆమెకు తెలుసు.

చందానగర్ లాంటి చోట భాషల సంగతి కూడా ఉంది. తెలుగు బిడ్డా ఒడియా బిడ్డా ఒకరి మాట ఒకరికి తెలియకుండానే పక్కపక్కన కూర్చుంటారు. కిరాణా కొట్టు ఆట పెడితే ఏం జరుగుతుందో చూడండి. ఖాళీ బిస్కట్ ప్యాకెట్లు, అగ్గిపెట్టెలు, కొబ్బరి చిప్పలతో తక్కెడ, రూపాయలకు బదులు చింతపిక్కలు. కొట్టువాడు సరుకు ఇచ్చి డబ్బు తీసుకోవాలి. కొనేవాళ్ళు ఏం కావాలో చెప్పాలి, లేదా వేలు పెట్టి చూపించాలి. నాలుగు చింతపిక్కలు అడిగితే మూడే ఇచ్చిన పిల్లతో కొట్టువాడు ‘ఇంకొకటి’ అంటూ చెయ్యి చాపుతాడు. ఆ ఒక్క మాటలో తీసివేత ఉంది, భాష ఉంది, బేరం ఉంది. వరసలో వెనక నిలబడ్డవాడు ముందుకు తోసుకొస్తే ‘నేను ముందొచ్చాను’ అని చెప్పుకోవడం ఉంది. ఇదే లెక్కను నోట్‌బుక్కులో రాయిస్తే అంకెలు వస్తాయి గానీ, పక్కవాడితో మాట కలవదు.

మనసును అదుపులో పెట్టుకోవడం కూడా ఆటే నేర్పుతుంది. నేలా–బండ ఆటలో దొంగ నేల కోరుకుంటే మిగతావాళ్ళు బండ మీదే ఉండాలి. నేల మీద కాలు పెట్టినవాడు దొరికితే వాడే దొంగ. కాలు కిందికి లాగుతున్నా ఆగాలి, సమయం చూసి దూకాలి. నాలుగేళ్ళ బిడ్డకు ఇది పెద్ద సాధన. కుర్చీలాటను కొందరు టీచర్లు కాస్త మార్చి ఆడిస్తారు. పాట ఆగిన ప్రతిసారీ కుర్చీ ఒకటి తగ్గుతుంది, కానీ ఎవరూ అవుట్ కారు. ఉన్న కుర్చీల్లోనే అందరూ సర్దుకోవాలి. రెండు కుర్చీలు మిగిలేసరికి ఒకరి ఒడిలో ఒకరు, ఒకరి మెడ పట్టుకుని ఇంకొకరు, గది నిండా నవ్వులు. పక్కవాడు పడిపోకుండా పట్టుకుంటేనే తానూ నిలబడగలనని ఆ పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అయినా కొందరు పిల్లలు మిగిలిపోతుంటారు. ‘నువ్వు మాతో ఆడొద్దు’ అనే మాట ప్రతి నర్సరీలోనూ వినబడుతుంది. షికాగోలో ఎన్నో ఏళ్ళు కిండర్‌గార్టెన్‌లో పాఠాలు చెప్పిన వివియన్ పేలీ తన తరగతిలో ఒక నియమం పెట్టారు: ఆడటానికి వచ్చినవాళ్ళను ఎవరూ కాదనకూడదు. ఆ నియమం గురించి ముందు పిల్లలతోనే చర్చించారు. ఆ అనుభవాన్ని 1992లో పుస్తకంగా తెచ్చారు. మన వీధుల్లోనూ పెద్దపిల్లలు చిన్నవాణ్ణి ‘ఆటలో అరటిపండు’గా చేర్చుకునేవాళ్ళు, ఏడిపించి పంపేవాళ్ళు కాదు. బడిలో ఇంకో అడుగు ముందుకు వేయాలి. ప్రతి బిడ్డా లెక్కలోకి రావాలి. కొత్తగా చేరిన కూలీ బిడ్డకు కొట్టు ఆటలో తక్కెడ అప్పగించడం, మాట తక్కువైన పిల్లకు పాట మొదలుపెట్టే పని ఇవ్వడం టీచరు చేతిలో పని.

ప్రభుత్వ విధానాలు కూడా పసితనపు చదువుకూ ఆటకూ చోటిస్తున్నాయి. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకం అంగన్‌వాడీల్లో పోషణతో పాటు పూర్వ ప్రాథమిక విద్యనూ చేర్చింది. పసిపిల్లల సంరక్షణ, విద్యపై 2013 నాటి జాతీయ విధానం మూడు నుంచి ఆరేళ్ళ పిల్లల్లో ప్రతి 20 మందికి ఒక పెద్దవారు తోడుగా ఉండాలంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును ఒకే పునాది దశగా గుర్తించింది. దానికి తగ్గ పాఠ్యప్రణాళిక చట్రం 2022 అక్టోబరులో వచ్చింది. 2023 ఫిబ్రవరిలో బొమ్మలు, తోలుబొమ్మలు, పజిళ్ళు, కథల పుస్తకాలతో ‘జాదూయీ పిటారా’ అనే పెట్టె విడుదలైంది.

కాగితం మీది మాట తరగతిలోకి రావాలంటే తల్లిదండ్రులు సహకరించాలి. ‘మా వాడికి ఇంకా ఏబీసీడీలు రాయడం రాలేదు’ అనే బెంగ బడుల మీద ఒత్తిడి తెస్తుంది. ఆ ఒత్తిడికి తలొగ్గి మూడేళ్ళ చేతికి పెన్సిల్ ఇచ్చి వరుసలు నింపించే బడులున్నాయి. ఆ వేళ్ళకు ముందు మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, కాగితం చింపి అతికించడం కావాలి. పెన్సిల్ పట్టు అక్కడే కుదురుతుంది. చందానగర్‌లో మనవడికో మేనకోడలికో బడి చూసేటప్పుడు ఈ సంగతులు అడిగి తెలుసుకోండి. రోజులో పిల్లలు తమకు తాముగా ఆట ఎంచుకునే సమయం ఎంత? ఒక టీచరుకు ఎంతమంది పిల్లలు? ఇద్దరు పోట్లాడితే టీచరు ఏం చేస్తారు? బిడ్డ ఇంటిభాషలో మాట్లాడితే ఏమంటారు? భవనం రంగులకన్నా ఈ జవాబులు ముఖ్యం.

ఆ ఊళ్ళో ఇంకా పూర్తిగా వాడుకోని బలం ఒకటుంది: అమ్మమ్మలు, తాతయ్యలు. పిల్లల దగ్గర ఉండటానికి జిల్లాల నుంచి వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది పగలంతా ఇంట్లోనే గడుపుతున్నారు. వారానికి ఒక పూట వాళ్ళను తరగతికి పిలిస్తే వామనగుంటలు వస్తాయి, అష్టాచెమ్మా వస్తుంది. రెండు వరసల్లో ఏడేసి గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో పిక్క జార్చుకుంటూ పోవడం: ఇంతకన్నా మంచి లెక్కల పాఠం ఏముంది? అష్టాచెమ్మాలో నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే నాలుగు, బోర్లా పడితే ఎనిమిది. గవ్వ ఎలా పడ్డా ఒప్పుకోవాలి, వంతు వచ్చేదాకా ఆగాలి. తాతయ్యకూ కబుర్లు చెప్పే జట్టు దొరుకుతుంది.

సముద్రాల అవతల మనమూ ఇదే చేయవచ్చు. మన వారాంతపు తెలుగు తరగతుల్లో అక్షరాలు దిద్దించడానికి తొందరపడతాం, ఎందుకంటే ఉన్నది వారానికి ఒకటి రెండు గంటలే. ఆ సమయంలో మొదటి సగం ఆటకు ఇద్దాం. కిరాణా కొట్టు పెడదాం, దాగుడుమూతలు ఆడిద్దాం, నేలా–బండ నేర్పుదాం. తోటివాళ్ళతో ఆడుకోవడానికి తెలుగు అవసరమైనప్పుడు పిల్లలు దాన్ని వదులుకోరు. మన సంఘం ఈ ఏడాది ఒక్కో తెలుగు తరగతికి ఒక ఆటల పెట్టె ఇవ్వాలని నా ప్రతిపాదన: గవ్వలు, చింతపిక్కలు, వామనగుంటల పలక, బొంగరాలు, తెలుగు బొమ్మల కథలు. అలాంటిదే ఇంకొకటి చందానగర్‌లో మనవాళ్ళున్న కాలనీ దగ్గరి అంగన్‌వాడీకి, అక్కడి టీచరమ్మను ఏం కావాలో అడిగి, పంపుదాం. ఖర్చు తక్కువ. కావాల్సిందల్లా మనం కాస్త సమయం పెట్టడమే.