పొన్నూరు చుట్టూ ఒక రోజు ప్రయాణం

హాస్టలు నుంచి యాత్ర అనగానే అమరావతో, నాగార్జున సాగరో అంటాం. మన పొన్నూరు పక్కన ఉన్నవి చూసినవాళ్లు తక్కువ. మోటారు సైకిలు మీద ఇద్దరు, ఆటో మాట్లాడుకుంటే నలుగురు ఒక్క రోజులో తిరిగి రావచ్చు. గైడు అక్కర్లేదు. తమ్ముళ్ల కోసం ఆ దారి రాస్తున్నాం.

పొద్దున్నే గుంటూరు రోడ్డులో చేబ్రోలు వెళ్లండి. కోనేటి మధ్య ఉన్న చతుర్ముఖ బ్రహ్మ గుడి వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించింది. అందరూ అది చూసి వచ్చేస్తారు. భీమేశ్వరాలయం దగ్గర కూడా ఆగండి. అక్కడ మరమ్మతుల్లో బయటపడిన శాసనం సాతవాహన రాజు విజయుడి కాలానిది, క్రీ.శ. 207 నాటిది. దక్షిణ భారతంలో ఇప్పటిదాకా దొరికిన సంస్కృత శాసనాల్లో ఇదే పాతదని 2019లో పురావస్తు శాఖ ప్రకటించింది. పోటీ పరీక్షలకు చదివేవాళ్లు ఈ సంవత్సరం రాసిపెట్టుకోండి.

తిరిగి పొన్నూరు వస్తే ఆంజనేయ, గరుత్మంత విగ్రహాలు మనకు తెలిసినవే. సాక్షి భావనారాయణ స్వామి గుడి కథ మాత్రం వినదగినది. కాశీలో పిల్లనిస్తానని మాటిచ్చిన పెద్దమనిషి ఊరొచ్చాక కాదన్నాడట. అప్పుడు స్వామే కాశీ నుంచి వచ్చి సాక్ష్యం చెప్పాడని స్థల పురాణం. ఈ ఊళ్లోనే సంస్కృత అధ్యాపకులుగా పనిచేసిన కత్తి పద్మారావు గారు, 1985లో కారంచేడు ఘటన తర్వాత పుట్టిన దళిత మహాసభ నాయకుల్లో ముఖ్యులు.

పక్కనే నిడుబ్రోలు. 1900లో ఆచార్య ఎన్.జి. రంగా గారు పుట్టిన ఊరు. రైతు బిడ్డలకు ఇక్కడే విద్యాలయం పెట్టారు. 1923లో తమ ఇంటి మంచినీటి బావిని దళితులకు తెరిచారు.

ఇక చుండూరు. రైలు దారిలో నిడుబ్రోలుకూ తెనాలికీ మధ్య స్టేషను. రోడ్డున పల్లెల మీదుగా అడుగుతూ పోవాలి. మేం చదివిన ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ పేరు కనబడలేదు. 1991 ఆగస్టు 6న ఇక్కడ 8 మంది దళితులను నరికి చంపారు. శవాలను గోనె సంచుల్లో కట్టి కాలువలో పడేశారు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ దీనికి మొదలు. చనిపోయినవాళ్లను ఊళ్లోనే సమాధి చేశారు, ఆ చోటును రక్తక్షేత్రం అంటారు.

బాధితులు తమ ఊళ్లోనే విచారణ జరగాలని పట్టుబట్టి ప్రత్యేక కోర్టు సాధించుకున్నారు. కూలికి పోతే గానీ గడవని మనుషులు, చంపారంటున్నవాళ్లు చూస్తుండగా బోనెక్కి సాక్ష్యం చెప్పారు. ఆ ధైర్యం ఎంతటిదో మన హాస్టళ్ల పిల్లలకు విడిగా చెప్పక్కర్లేదు. 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది.

రక్తక్షేత్రం దగ్గర కాసేపు కూర్చోండి. పెద్దవాళ్లు కనబడితే అడగండి, మాట్లాడకపోతే బలవంతపెట్టకండి. నాలుగింటికల్లా అక్కడి నుంచి బయల్దేరితే రాత్రి హాజరు వేళకు హాస్టలు చేరుకోవచ్చు.