పటాలం బాణీ, సాలూరు స్వరం

ఉత్తరాంధ్రలో పెళ్లి ఊరేగింపుకి బ్యాండు మేళం దిగిందంటే ముందు కళ్లకు కనబడేది సిపాయి వేషమే. ఎర్ర కోటు, భుజాల మీద జరీ పట్టీలు, నెత్తిన టోపీ. క్లారినెట్ పల్లవి ఎత్తుకుంటుంది, ట్రంపెట్లు మధ్యలో ఖాళీలు పూరిస్తాయి, పెద్ద డ్రమ్ము నడక చెబుతుంది. ఆ కోటూ, ఆ వాయిద్యాలూ తెల్లవాళ్ల పటాలాల నుంచి వచ్చినవి. శుభకార్యానికి బ్యాండు లేకపోతే వెలితిగా భావిస్తాం కానీ, దాన్ని కళ అనడానికి మాత్రం మనకు నోరు రాదు. లారీల పట్టణంగా పేరు మోసిన సాలూరు, ఆ పేరునే ఇంటిపేరుగా తెలుగు పాటకు ఎక్కించిన సంగీత దర్శకుడు రాజేశ్వరరావును కన్న ప్రాంతం, ఈ సంగతి మీద తక్కిన ఊళ్లకంటే ఎక్కువ ఆలోచించాలి. పటాలం వెంట వచ్చిన సంగీతం కూడా మన వారసత్వమే అని, ఆ మాట ప్రభుత్వమే అనాలని నా వాదన.

అమెరికా అనుభవం చూడండి. మొదటి ప్రపంచయుద్ధంలో జేమ్స్ రీస్ యూరప్ అనే సంగీతకారుడు నడిపిన 369వ పదాతి దళం బ్యాండు 1918లో ఫ్రెంచి ఊళ్లకు జాజ్ లయల రుచి చూపించింది. వాయించినవాళ్లు నల్లజాతి సైనికులు. సొంత సైన్యం వాళ్లను తెల్లవాళ్ల పక్కన నిలబెట్టక ఫ్రెంచి సైన్యం కింద యుద్ధానికి పంపింది. రెండో యుద్ధంలో గ్లెన్ మిల్లర్ సైనిక వాద్యబృందం పేరు తెచ్చుకుంది. 1944 డిసెంబరులో ఆయన విమానం ఇంగ్లిష్ చానెల్ మీద మాయమైంది. 1950లో వైమానిక దళం ‘ఎయిర్‌మెన్ ఆఫ్ నోట్’ను, 1969లో సైన్యం ‘జాజ్ అంబాసడర్స్’ను జాజ్ బృందాలుగా నిలబెట్టాయి. జాజ్ అరుదైన జాతీయ సంపద అని అమెరికన్ కాంగ్రెసు తీర్మానించింది 1987లో! అంటే సైన్యం జీతం ముందు ఇచ్చింది, చట్టసభ బిరుదు చాలా తీరిగ్గా ఇచ్చింది. ఏప్రిల్ 30ని అంతర్జాతీయ జాజ్ దినంగా యునెస్కో ప్రకటించింది 2011లోనే.

అది వాళ్ల గడ్డ మీద పుట్టిన సంగీతం, మనది అరువు సరుకు కదా అనేవాళ్లుంటారు. అరువుదే. కానీ మన శాస్త్రీయ సంగీతంలో అలాంటి అరువులు ఎన్నో ఉన్నాయి. మద్రాసు కోటలో కుంపెనీ బ్యాండు వాయించిన వరసలకు ముత్తుస్వామి దీక్షితులు సంస్కృత సాహిత్యం కట్టారు. వాటినే నొట్టుస్వరాలంటూ పిల్లలకు భక్తిగా నేర్పుతున్నాం. బ్రిటిష్ రాజుకు జేజేలు పలికే బాణీ కూడా అందులో ఉంది. ఫిడేలు అదే దారిలో వచ్చింది. విజయనగరంలో 1919లో మహారాజా వారి సంగీత కళాశాల తెరిచినప్పుడు, ఆదిభట్ల నారాయణదాసు అధ్యక్షుడిగా ఉన్న ఆ చోట ఫిడేలు పాఠం చెప్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు. పాశ్చాత్య వాయిద్యాన్ని ఆయన ఎంత సొంతం చేసుకున్నారంటే, ఫిడేలు పరాయిదని విజయనగరంలో నేడు ఎవరూ అనరు. నూరేళ్లు వాయించాక పుట్టుక చీటీ అడగడం అన్యాయం.

రాజేశ్వరరావు ఈ గాలిలోనే పెరిగారు. సాలూరు దగ్గర శివరామపురం ఆయన పుట్టిన ఊరు, తండ్రి సన్యాసిరాజు మృదంగ విద్వాంసుడు. జెమినీ వారి ‘చంద్రలేఖ’ (1948) పాటలకు ఆయనది ముఖ్యమైన పాత్ర. పెద్ద పెద్ద ఢంకాల మీద సాగే ఆ చిత్రంలోని నాట్యం నేటికీ చెప్పుకుంటారు. ‘మల్లీశ్వరి’, ‘మిస్సమ్మ’లలో రాగం కింద వాద్యబృందం ఎంత ఒద్దికగా నడుస్తుందో, ‘ఇద్దరు మిత్రులు’ (1961)లో పాశ్చాత్య లయ అంత చలాకీగా చిందేస్తుంది. దీన్ని జాజ్ అని నేను అనను, అనడం అతి. కానీ వచ్చిన వాయిద్యాన్ని వచ్చినట్టే వాయించక తన రాగానికి లొంగదీయడం జాజ్ చేసిన పనీ, ఆయన చేసిన పనీ.

అరువు మాటకు మించిన అభ్యంతరం ఒకటుంది. సర్కారు చెయ్యి పడితే కళ యూనిఫాం తొడుక్కుని బిగుసుకుపోతుందని, పైగా వాయించేవాళ్ల కష్టాన్ని ఉత్సవం కప్పేస్తుందని. ఇందులో సగం నిజం. 369వ దళానికి జరిగిన అవమానాన్ని ఏ తీర్మానమూ చెరపలేదు. మన బ్యాండు కళాకారులదీ అదే గోడు: ముహూర్తాలున్నన్నాళ్లే పని, మూఢం వస్తే పస్తు, సన్మాన సభలో మాత్రం కుర్చీ ఉండదు. అయితే అమెరికాలో పెద్ద వాద్యబృందాలకు బజారు ముఖం చాటేసిన రోజుల్లో వాటిని బతికించిన వాటిలో నెలజీతమిచ్చే సైనిక బ్యాండ్లూ ఉన్నాయి. బిరుదుతో పాటు జీతమూ ఇస్తేనే గుర్తింపు, లేకుంటే అది శాలువాతో సరి.

దారి లేకపోలేదు. ఢిల్లీలో సైనిక బ్యాండ్ల వేడుక బీటింగ్ రిట్రీట్‌లో 2022లో ‘అబైడ్ విత్ మీ’ అనే ఇంగ్లిష్ కీర్తనను తప్పించి ‘ఏ మేరే వతన్ కే లోగో’ వాయించారు. దాని స్వరకర్త సి. రామచంద్ర, 1951లో ‘అల్‌బేలా’కి గోవా వాద్యగాడు చిక్ చాకొలేట్ తోడుగా స్వింగ్ బాణీలు కట్టినాయనే. సినిమా సంగీతకారుడి బాణీ సైనిక బ్యాండుకి పనికొచ్చింది. మరి ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినం జరుపుకునే విశాఖ తీరాన, తూర్పు నౌకాదళం బ్యాండు సాలూరు రాజేశ్వరరావు పాటలను వరసగా వాయించాలి. విజయనగరం కళాశాలలో బ్యాండు వాయిద్యాలకు ఒక తరగతి తెరవాలి. ఆ తరగతిలో మొదటి గురువు పెళ్లి మేళంలో క్లారినెట్ ఊది బతికినవాడే కావాలి.