మాట పోతే కాసేపాగి మళ్లీ

అండమాన్ దీవుల్లోని మాయాబందర్ జెట్టీ దగ్గర చేపల వ్యాపారం చేసే ఒకాయన తన డీప్ ఫ్రీజర్లకు పన్నెండు ఉష్ణోగ్రత సెన్సర్లు పెట్టించుకున్నాడు. తయారుచేసి బిగించింది నేనే. ఒక్కోటి సబ్బుపెట్టెంత ఉంటుంది. లోపల లోరా రేడియో చిప్పు, ఉష్ణోగ్రత కొలిచే చిన్న తీగ. కరెంటు ఫ్రీజర్ ప్లగ్గు నుంచే తీసుకుంటుంది. గంటకోసారి లోపల ఎంత చలి ఉందో మా డాబా మీది రిసీవర్‌కి చెప్పాలి. అంతకుమించి దానికి పని లేదు.

ఇంట్లో బల్ల మీద పెట్టి ఒక్కొక్కదాన్నీ పరీక్షిస్తే అన్నీ చక్కగా పలికాయి. జెట్టీకి తీసుకెళ్లి బిగించాక గంటకు మూడో నాలుగో వినపడేవి. అవీ ఎప్పుడూ ఒకటే కావు, గంటగంటకీ మారేవి. యాంటెన్నాలు మార్చాను, సోల్డరింగు మళ్లీ చేశాను, ఉప్పుగాలిని తిట్టుకున్నాను. చివరికి నేను పాఠాలు చెప్పే తొమ్మిదో తరగతిలో ఈ గోడు వెళ్లబోసుకుంటే వెనక బెంచీ అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "సార్, కరెంటు పోయి వస్తే అన్నీ ఒకేసారి లేస్తాయి కదా. మరి గంట లెక్క కూడా ఒకేసారి మొదలెడతాయా?"

అదీ సంగతి. మా ఊళ్లో కరెంటు పోవడం, రావడం కొత్త కాదు. వచ్చిన క్షణాన పన్నెండు పెట్టెలూ ఒకేసారి లేచి, ఒకే క్షణం నుంచి గంట లెక్కపెట్టి, ఒకేసారి నోరు తెరుస్తున్నాయి. లోపలి స్ఫటిక గడియారాల మధ్య తేడా గంటకు సెకనులో పదో వంతు కూడా ఉండదు. ఒకసారి కలిసిన గొంతులు విడిపోవడానికి పూటలు పడుతుంది. ఈలోగా మళ్లీ కరెంటు పోతుంది.

ఈ చిక్కును మొదట ఎదుర్కొన్నది మరో దీవుల వాళ్లే కావడం నాకు భలే నచ్చింది. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ అనే ప్రొఫెసర్ ఉండేవాడు. సర్ఫింగ్ పిచ్చి ఉన్న మనిషి. దీవుల్లోని క్యాంపస్‌లను ఓహూ దీవిలోని పెద్ద కంప్యూటర్‌తో టెలిఫోన్ తీగలు లేకుండా కలపాలని ఆయన బృందం సంకల్పం. 1971 జూన్‌లో అలోహానెట్ అనే ఆ నెట్‌వర్క్ పలకడం మొదలైంది. నడిమధ్యన ఉండి అందరి మాటా వినే చిన్న కంప్యూటర్‌కి 'మెనెహునే' అని పేరు పెట్టారు. హవాయి జానపద కథల్లో రాత్రికి రాత్రే పనులు చేసిపెట్టే మరుగుజ్జులు వాళ్లు. అమెరికా ప్రధాన భూభాగంలోని ఆర్పానెట్ అనే కంప్యూటర్ నెట్‌వర్క్‌లో ఇదే పని చేసే యంత్రాన్ని 'ఇంప్' అనేవారు. ఇంగ్లిష్ కథల్లో అదీ అల్లరి మరుగుజ్జే. ఇంజనీర్ల హాస్యం.

మెనెహునే మాట్లాడటానికి 413.475 మెగాహెర్ట్జ్, మిగతా అందరూ మెనెహునేతో మాట్లాడటానికి 407.350 మెగాహెర్ట్జ్. మొదటి దారిలో చిక్కే లేదు, మాట్లాడేది ఒక్కరే. రెండో దారిలో అందరూ పోటీ. మామూలు బుర్ర ఏమంటుంది? హాజరు పిలిచినట్టు ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలవమంటుంది. వందమందిలో తొంభై తొమ్మిది మందికి ఆ క్షణాన చెప్పేదేమీ ఉండదు. అయినా అందరినీ పిలవాలి. అబ్రామ్సన్ బృందం ఆ పద్ధతిని పక్కన పెట్టేసింది. చెప్పేది ఉన్నప్పుడు చెప్పెయ్. మెనెహునే 'అందింది' అంటే సరే. అనకపోతే ఎవరి మాటతోనో నీ మాట గుద్దుకుందని అర్థం. కాసేపాగి మళ్లీ చెప్పు. ఆ 'కాసేపు' ఎంతన్నది మాత్రం ఎవరికి వారు చీటీ తీసుకోవాలి. ఇద్దరూ ఒకే లెక్కన ఆగితే మళ్లీ గుద్దుకుంటారు, నా పెట్టెల్లాగే.

ఇంత వదులుగా వదిలేస్తే ఎంత పని జరుగుతుంది? జెట్టీలో ఒకే పడవ పట్టే చోటుందనుకోండి. పడవ పది నిమిషాలు ఆగుతుంది. ఆ లోపల ఇంకోటి వస్తే రెండూ చెడతాయి. నేను ఉదయం ఏడింటికి వస్తే, ఆరు యాభై తర్వాత ఎవరూ వచ్చి ఉండకూడదు, ఏడూ పది దాకా ఎవరూ రాకూడదు. పది నిమిషాల పనికి ఇరవై నిమిషాల ఖాళీ కావాలి. చక్రవడ్డీ లెక్కల్లో తగిలే 2.718 అనే సంఖ్య ఇక్కడా వచ్చి కూర్చుంటుంది. ఎంత ఒడుపుగా నడిపినా, నూరు సెకన్ల కాలంలో గట్టిగా పద్దెనిమిది సెకన్ల పాటే మంచి మాట దక్కుతుంది. అంతకంటే ఎక్కువమంది ఎగబడితే దక్కేది పెరగదు, తగ్గుతుంది.

1972లో లారీ రాబర్ట్స్ చిన్న సవరణ చెప్పాడు. పది నిమిషాలకోసారి గంట కొట్టండి, గంట కొట్టినప్పుడే పడవలు రావాలి అన్నాడు. ముందటి గంటకు వచ్చిన పడవ ఈ గంటకి వెళ్లిపోయి ఉంటుంది. గుద్దుకుంటే ఈ గంటకు వచ్చినవాళ్లతోనే. ఖాళీ అవసరం సగమైంది, పద్దెనిమిది కాస్తా ముప్పై ఆరు దాటింది. ఒక్క గంట మోతతో రెట్టింపు! ఈ లెక్క బోర్డు మీద వేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది, పిల్లలు మాత్రం ఆవలిస్తారు.

ఈ రాబర్ట్సే ఆర్పానెట్‌కి పెద్ద. ఒకసారి అబ్రామ్సన్ ఆయన ఆఫీసుకు వెళ్లాడు. బోర్డు మీద ఏ ఊరికి ఏ తారీఖున 'ఇంప్' యంత్రం పంపాలో రాసి ఉంది. రాబర్ట్స్ పక్కకు వెళ్లగానే అబ్రామ్సన్ సుద్దముక్క తీసి 'అలోహా, డిసెంబర్ 17' అని చేర్చి, ఆ సంగతే మరిచిపోయాడు. తారీఖు దగ్గర పడ్డాక యంత్రం వస్తోందని కబురొచ్చింది! 1972 డిసెంబర్ 17న హవాయి ఆర్పానెట్‌లో చేరింది. పెద్ద ప్రణాళికలు ఇలా కూడా నడుస్తాయి.

అబ్రామ్సన్ లెక్కను తప్పుబట్టినవాడు బాబ్ మెట్‌కాఫ్. జవాబు రాకపోయినా జనం టైపు చేస్తూనే ఉంటారని ఆ లెక్క అనుకుంటోంది, నిజం మనుషులు ఆగి చూస్తారు కదా అన్నాడు. అక్కడితో ఆగక, మాట్లాడే ముందు విను, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగు అనే మర్యాదను జోడించాడు. జిరాక్స్ ప్రయోగశాలలో 1973 మే 22న ఆయన రాసిన నోటులో ఈథర్‌నెట్ అనే పేరు పుట్టింది. అంతకుముందు దాన్ని ఆల్టో అలోహా నెట్‌వర్క్ అనేవారు. ఆఫీసుల్లో గెలిచింది మెట్‌కాఫే. కానీ నన్నడిగితే దీవుల్లో గెలుపు ఇప్పటికీ అబ్రామ్సన్‌దే. తీగ మీద అందరికీ అందరూ వినపడతారు. కొండకు ఇటొకటి అటొకటి ఉన్న రెండు పెట్టెలు ఒకదాన్నొకటి వినలేవు. కొండ మీది రిసీవర్‌కి మాత్రం రెండూ వినపడతాయి. విని ఏం లాభం?

అందుకే నా సబ్బుపెట్టెలోని లోరా పద్ధతి కూడా అలోహానే. ఫ్రాన్స్‌లో పుట్టిన ఈ రేడియోకి మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865–868 మెగాహెర్ట్జ్ పట్టీలో మామూలుగా మూడు దారులు ఇస్తారు. దీని మాట వేగం మార్చుకోవచ్చు. దగ్గరుంటే గబగబా చెప్పి ముగించొచ్చు, దూరమైతే సాగదీసి చెప్పాలి. ఒక చిన్న సందేశానికి వేగంగా అయితే సెకనులో పదహారో వంతు చాలు. అతి నెమ్మదిగా అయితే సెకనుంబావు పైనే.

పన్నెండు కాదు, వెయ్యి పెట్టెలు పెట్టాలనుకుందాం, పది నిమిషాలకో మాట చొప్పున. అన్నీ వేగంగా మాట్లాడితే నూటికి తొంభై మూడు మాటలు మొదటి ప్రయత్నంలోనే అందుతాయి. అవే వెయ్యి, అదే పది నిమిషాలు, కానీ రిసీవర్ ఎక్కడో దూరంగా ఉండి అన్నీ సాగదీయాల్సి వస్తే? నూటికి ఇరవై నాలుగు. పెట్టెల ధర మారలేదు, నాణ్యత మారలేదు. మారింది గాలిలో ఒక్కో మాట తీసుకునే కాలం. వ్యాపారులు వందల పరికరాలు కొనేటప్పుడు ధర, గ్యారంటీ, మొబైల్ యాప్ రంగులు అడుగుతారు. అడగాల్సిన మొదటి ప్రశ్న రిసీవర్ ఏ ఎత్తున పెడతావని, రెండోది నిమిషానికి ఎన్ని మాటలని. రెండో రిసీవర్‌కి పెట్టే డబ్బు దండగనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మా వ్యాపారైతే, "నిమిషానికోసారి చెప్పమనండి మాస్టారూ, అదేమన్నా కూలి అడుగుద్దా?" అన్నాడు. పెద్ద ఫ్రీజరు వేడెక్కడానికే బోలెడు సేపు పడుతుంది, దాని సంగతి నిమిషానికోసారి ఎందుకో!

తర్వాతి చరిత్ర చకచకా చెప్పేస్తాను. మొబైల్ ఫోన్ టవర్‌ని మొదటిసారి పలకరించేది రాబర్ట్స్ గంట పద్ధతిలోనే. మెయిన్‌ల్యాండ్‌లో కార్ల అద్దాలకు అంటించే ఫాస్టాగ్‌లోనూ అదే ఉంది, అదీ మా లోరా పట్టీలోనే పనిచేస్తుంది. ఒకటికి మించి ట్యాగులు ఎదురైతే రీడర్ 'ఇన్నింట్లో ఒక అంకె తలుచుకోండి' అంటుంది, సున్నా తలుచుకున్నది పలుకుతుంది. రెండు సున్నాలు తేలితే రీడర్ అంకెల గుంపును పెంచి మళ్లీ తలుచుకోమంటుంది. 25 కోట్ల స్మార్ట్ ప్రీపెయిడ్ మీటర్లు పెట్టాలని 2021లో కేంద్రం పథకం తెచ్చింది. ఒక ఊరికి కరెంటు తిరిగొచ్చిన క్షణాన అక్కడి మీటర్లన్నీ లేచి నిలబడతాయి. వాటి ప్రోగ్రామ్ రాసేవాళ్ల తరగతిలో మా వెనక బెంచీ అమ్మాయి లాంటిది ఒకతి ఉంటే బాగుండు.

నా ప్రోగ్రామ్‌లో ఒక్క వరుస చేర్చాను. లేవగానే సున్నా నుంచి గంట మధ్యలో ఏదో ఒక అంకె తలుచుకో, అంతసేపు ఆగి మొదటి మాట చెప్పు. ఆ సాయంత్రం వాన పడి కరెంటు పోయింది, రాత్రి వచ్చింది. గంట గడిచేలోగా పన్నెండూ పలికాయి, ఒకటి మూడో నిమిషాన, ఒకటి యాభై ఎనిమిదో నిమిషాన. ఫోన్ పట్టుకుని జెట్టీకి పరుగెత్తి ఆయనకు చూపించాను. చూశాడు, తల ఊపాడు.

"బాగుంది మాస్టారూ. కానీ కరెంటు పోయినప్పుడు ఇవీ పడుకుంటున్నాయి కదా. నాకు తెలియాల్సింది అప్పుడే."

మర్నాడు బ్యాటరీలు కొనడానికి బజారుకెళ్లాను.