ఆస్ట్రేలియా ఎడారికి పోతే గుంపుతోనే పోవాలె

ఆస్ట్రేలియాల చదువుకునే, కొలువు చేసే మన పిల్లలు సెలవులొస్తే చాలు, కారు కిరాయికి తీస్కొని నడిమి ఎడారి దిక్కు పోదామంటున్నరు. పోవాలె, నేను సుత పోయిన. కానీ సొంతంగ పోవుడు వేరు, తెలిసినోళ్ల ఎంబడి గుంపుల పోవుడు వేరు.

మ్యాపుల ఆలిస్ స్ప్రింగ్స్, ఉలురు పక్కపక్కనే కనవడ్తయి. రోడ్డు మీద చూస్తే 450 కిలోమీటర్లు దాటుతది. గంత దూరంల మన దగ్గరైతే ఎన్ని ఊర్లు, ఎన్ని చాయ్ హోటళ్లు! ఆడ ఒక పెట్రోల్ బంకు దాటితే ఇంకోటి వచ్చేసరికి గంట పైనే పడ్తది. ఊరు దాటినంక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. పొద్దుగూకితే కంగారూలు, ఒంటెలు రోడ్డు మీదికొస్తయి. 50 మీటర్లు దాటిన పొడుగు రోడ్ ట్రైన్ లారీలు ఎదురొస్తయి.

బండి ఆగిపోతే ఏం చెయ్యాలె? మనోళ్లకు ముందుగాల తట్టేది, నడుసుకుంట పోయి ఎవలినన్న పిల్సుకరావాలెనని. గదే ప్రాణం తీస్తది. ఎండల నడిస్తే ఒంట్ల నీళ్లు జల్ది ఐపోతయి. పైనుంచి ఎతికేటోళ్లకు మనిషి ఆనడు, బండి ఆనుతది. నీడ సుత బండిదే. అందుకే బండి ఇడిసిపెట్టొద్దు. మనిషికి రోజుకు 5 లీటర్ల నీళ్లకు తక్కువ ఉండొద్దు. మంచి టూర్ల శాటిలైట్ ఫోన్, నీళ్లు, తొవ్వ తెలిసిన డ్రైవరు ఉంటరు. పైసలు కట్టేముందు గియ్యన్నీ అడగాలె. సిగ్గుపడేదేం లేదు.

ఇగ ఉలురు సంగతి. 348 మీటర్ల ఎత్తు ఎర్ర రాయి. 1985ల ఆ జాగను అనంగు ఆదివాసులకు తిరిగిచ్చిన్రు. రాయి ఎక్కొద్దని వాళ్లు ఏండ్ల సంది మొత్తుకుంటే, 2019 అక్టోబర్ 26 నుంచి బంద్ అయింది. గంత దూరం పోయి ఎక్కకపోతే ఎట్ల అని కొందరంటరు. మన కేస్లాపూర్‌ల నాగోబా గుడి మీదికెక్కి ఫొటో దిగుతమా? రాయి చుట్టు 10 కిలోమీటర్ల బాట ఉన్నది, నడువుండ్రి. కొన్ని జాగలల్ల ఫొటోలు తియ్యొద్దని బోర్డులుంటయి, తియ్యకుండ్రి.

మే నుంచి సెప్టెంబర్ నడుమ పోతే మేలు. పగలు హాయి, రాత్రి మాత్రం చలి కొరుకుతది, స్వెటర్ మర్వద్దు. డిసెంబర్, జనవరిల ఎండ 40 డిగ్రీలు దాటుతది. 36 దాటుతదని చెప్పిన రోజు కటా జుటా కొండల నడిమి బాటను పొద్దుగాల 11 గంటలకే మూసేస్తరు.