రీమ్యాప్ తర్వాత చెక్ ఇంజిన్ లైట్ బ్లింక్ అవుతోందా? షెడ్డుకి వెళ్లే ముందు ఇంటి దగ్గరే ఇవి చూడండి

సెకండ్ హ్యాండ్‌లో టర్బో పెట్రోల్ కారు కొనడం, వెంటనే 'స్టేజ్ 1' రీమ్యాప్ కొట్టించడం.. ఇప్పుడు కుర్రాళ్లలో ఇదో ట్రెండ్. మియాపూర్‌లో ఉండే మా బాబాయి కొడుకు కూడా అదే చేశాడు. కారు ఫోక్స్‌వ్యాగన్ పోలో 1.0 టీఎస్ఐ. మూడు సిలిండర్లు, 110 పీఎస్ పవర్, 175 న్యూటన్ మీటర్ల టార్క్. రీమ్యాప్ అయిన పది రోజులకి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి కుదుపులు మొదలయ్యాయి. డ్యాష్‌బోర్డ్ మీద చెక్ ఇంజిన్ లైట్ టపటపా కొట్టుకుంటోంది. షెడ్డులో చూపిస్తే 'ఇంజెక్టర్లు మార్చాలి, టర్బో కూడా చూడాలి' అని రూ.38 వేలు చెప్పారు. ఒక్క కోడ్ కూడా చదవకుండానే!

ముందు లైట్ సంగతి. అది నిలకడగా వెలిగితే ఏదో లోపం రికార్డ్ అయిందని అర్థం. జాగ్రత్తగా నడుపుకుంటూ ఇంటికి రావచ్చు. అదే బ్లింక్ అవుతుంటే మాత్రం సీరియస్. ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండటం లేదు. దీన్నే మిస్‌ఫైర్ అంటారు. మండని పెట్రోల్ నేరుగా ఎగ్జాస్ట్‌లోకి పోయి, క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండుతుంది. ఆ వేడికి కన్వర్టర్ లోపల కరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే యాక్సిలరేటర్ వదిలేసి, పక్కకి తీసి బండి ఆపేయాలి. 'ఇంకో ఐదు కిలోమీటర్లే కదా' అనుకోవద్దు.

ఇక స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ అడాప్టర్ అందులో పెట్టి, ఫోన్‌లో యాప్ ఓపెన్ చేస్తే కోడ్ వచ్చేస్తుంది. మా వాడి కారులో వచ్చింది పీ0302. చివరి అంకె సిలిండర్ నంబర్. అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్ అన్నమాట. కోడ్ కనిపించగానే డిలీట్ కొట్టకండి, ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

కోడ్ ఏ సిలిండరో చెప్తుంది కానీ ఏ పార్ట్ పోయిందో చెప్పదు. దానికో సింపుల్ ట్రిక్ ఉంది. ఈ ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇగ్నిషన్ కాయిల్. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రెండో కాయిల్ తీసి మూడో దాంట్లో, మూడోది రెండో దాంట్లో పెట్టాలి. కోడ్ క్లియర్ చేసి బండి స్టార్ట్ చేయాలి. ఇప్పుడు పీ0303 వస్తే లోపం కాయిల్‌తో పాటే కదిలింది, కాయిల్ పోయినట్టే. మాకేమో మళ్లీ పీ0302నే వచ్చింది. దాంతో కాయిల్ బాగుందని తేలింది. తర్వాత స్పార్క్ ప్లగ్గులు అలాగే అటూ ఇటూ మార్చాం. కోడ్ పీ0303కి మారింది. దొంగ దొరికాడు!

ప్లగ్గు విప్పి చూస్తే కొస అరిగిపోయి గ్యాప్ బాగా పెరిగింది. పాత ఓనర్ ఎప్పుడు మార్చాడో ఏమో. మరి రీమ్యాప్‌కి ముందు ఎందుకు బయటపడలేదు? రీమ్యాప్ అంటే ఈసీయూలో టర్బో బూస్ట్, ఇగ్నిషన్ టైమింగ్, ఫ్యూయల్ లెక్కలు మార్చడం. బూస్ట్ పెరిగితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. అంత ఒత్తిడిలో పెద్ద గ్యాప్‌ని దాటి స్పార్క్ దూకలేదు. మామూలు బూస్ట్‌లో నెట్టుకొచ్చిన ప్లగ్గు ఇక్కడ చేతులెత్తేసింది. నిజానికి రీమ్యాప్ చేసేవాళ్లు ముందే ప్లగ్గులు చూడాల్సింది. కొత్తవి బిగించేటప్పుడు టార్క్ రెంచ్ వాడండి. ఇంజిన్ హెడ్ అల్యూమినియం, బలంగా తిప్పితే మరలు పోతాయి. అప్పుడు ఖర్చు చూసి కళ్లు తిరుగుతాయి.

కుదుపులు లేకుండా కేవలం పికప్ తగ్గి, పీ0299 వస్తే కథ వేరు. బూస్ట్ సరిపోవట్లేదని అర్థం. టర్బో పోయిందని భయపడే ముందు ఇంటర్‌కూలర్ పైపుల క్లాంపులు వదులుగా ఉన్నాయేమో చూడండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు 'సుయ్' మని గాలి కారే శబ్దం వస్తే డౌట్ అక్కడే.

మన ఎండల్లో ఇంకో తలనొప్పి ఉంది. 95 ఆక్టేన్ పెట్రోల్ అనుకుని రాసిన మ్యాప్‌లో అంతకంటే తక్కువది పోస్తే, మే నెల ట్రాఫిక్‌లో ఇంజిన్ నాకింగ్ మొదలవుతుంది. నాక్ సెన్సర్ టైమింగ్ వెనక్కి లాగుతుంది, డబ్బు పెట్టి కొన్న పవర్ కాస్తా పోతుంది. మ్యాప్ ఏ ఆక్టేన్‌కి రాశారో అడిగి తెలుసుకోండి. బోనెట్ కింద బిగించే ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ కూడా అంతే. సౌండ్ బాగుంటుంది కానీ పీల్చేది ఇంజిన్ వేడి గాలినే.

ఈ పనులేవీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఇంజిన్ ఆన్ చేసి చేయొద్దు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది. జాకీ ఒక్కటే పెట్టి కారు కిందకి దూరొద్దు, స్టాండ్లు తప్పనిసరి.

చట్టం సంగతి కూడా చూడాలి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా వాహనాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. సైలెన్సర్లని రోడ్డు రోలర్‌తో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పులు క్లెయిమ్ టైమ్‌లో బయటపడితే గొడవే.

మా వాడి కారుకి మూడు ప్లగ్గులూ మార్చాం. రెండు నెలలైంది, లైట్ మళ్లీ రాలేదు. ఇప్పుడు స్టేజ్ 2 అంటున్నాడు. ఉన్న క్లచ్ ఆ టార్క్‌ని తట్టుకుంటుందో లేదో ముందు కనుక్కోరా అన్నాను.